సేఫ్ మోడ్‌లో వదిన గొంతు

బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో పొద్దస్తమానం చెప్పడం వదిన ఉద్యోగం. సెలవు రోజైనా ఆ నోరు ఊరుకోదు. ఇంట్లో వాళ్ళాయన ఆమెకు మైకు అనే పేరు పెట్టాడు. అలాంటిది, మరిది వచ్చి తన కంప్యూటరుకు కాసేపు గొంతు అరువివ్వమని అడిగితే ఆమెకు ముచ్చటేసింది.

మరిదికి పుట్టుకతోనే చూపు లేదు. తెరమీద ఏముందో కంప్యూటరే పైకి చదువుతుంటే వింటూ, వేళ్ళతో పని నడుపుకుంటాడు. తనలాంటి పిల్లల కోసం లెక్కల పాఠాలు రికార్డు చేస్తుంటాడు. అది చాలదన్నట్టు, ఇంకా బజారులోకి రాని ఆపరేటింగ్ సిస్టం ఒకటి ప్రయోగానికి ఇస్తున్నారని తెలియగానే దాన్ని తెచ్చి ఎక్కించుకున్నాడు. అందులో తప్పులు పట్టి కంపెనీకి రాయాలి. లేనిపోని తలనొప్పి అని అన్న విసుక్కునేవాడు. వదినకు మాత్రం లోలోపల గొప్పగానే ఉండేది.

ఆ కొత్త సిస్టంకు నలత చేస్తే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళిపోతుంది. జ్వరమొచ్చిన మనిషి పథ్యం చేసినట్టు, మరీ అవసరమైనవి తప్ప అన్నీ మానేస్తుంది. మానేసినవాటిలో చదివే గొంతు కూడా ఉంది. చూపున్నవాళ్ళు తెర చూసుకుని బయటపడతారు, మరిది ముందు మాత్రం అది నోరూ వాయీ లేని పెట్టెలా కూర్చుంటుంది. ఈ సంగతి రాస్తే, గొంతు అత్యవసరమేమీ కాదు, పక్కనున్నవారిచేత చదివించుకోండని కంపెనీవాళ్ళు జవాబిచ్చారు. వదినను గొంతు అడిగిన ఆ రోజు సాయంత్రంతోనే ప్రయోగం గడువు తీరిపోతుంది. ఈలోగా వాళ్ళని ఒప్పించలేకపోతే ఆ సిస్టం అలాగే మూగగా బజారులోకి వస్తుంది.

చదివించుకోమన్నారు కాబట్టి ముందు అదే చేసి చూద్దామని, మరిది కావాలనే కంప్యూటరును సేఫ్ మోడ్‌లోకి దింపాడు. వదిన కిటికీ పక్కన ఇస్త్రీ బల్లను అవతలికి జరిపి, కుర్చీ లాక్కుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. తెర మధ్యలో ఉన్నవన్నీ స్పష్టంగా, ఒత్తులు పోకుండా చదివింది. మూలల్లో ఏమీ లేదా అని అడిగాడతను. ఉన్నాయి గానీ చిన్న అక్షరాలు, ఎవరికి కావాలని వదిలేశానంది. వాటిని కూడా చదివించుకున్నాడు. నాలుగు మూలలా సేఫ్ మోడ్ అనే ఉంది.

తర్వాత వచ్చిన మెనూలో అన్నిటికంటే పైన ‘మామూలుగా ప్రారంభించు’ అని ఉంది. ఆమె ఆ మాట పూర్తిచేసేలోపే అతని వేలు మీట నొక్కేసింది. కాసేపటికి కంప్యూటరుకు మాట వచ్చింది. హమ్మయ్య అనుకుని వదిన వంటింట్లోకి వెళ్ళబోయింది. వెనక మళ్ళీ నిశ్శబ్దం. తిరిగి చూస్తే మరిది దాన్ని మళ్ళీ సేఫ్ మోడ్‌లోకి దింపి కూర్చున్నాడు. ఆమె ఒంటికాలిమీద లేచింది. ఇప్పుడే గట్టెక్కించిన దాన్ని మళ్ళీ ముంచుతావా, నీకేమైనా మతి పోయిందా అని దులిపేసింది.

అతను అంతా విన్నాడు. “నువ్వున్నావు కాబట్టి బయటపడ్డాను. వదిన లేని ఇళ్ళు కూడా ఉంటాయి కదా,” అన్నాడు.

వదిన వంటింటి మాట మరిచి వెనక్కి వచ్చింది.

తన ఫోను ఆమె చేతికిచ్చి, తెరా తన చేతులూ రెండూ కనపడేలా వీడియో తియ్యమన్నాడు. పక్కన ఎవరూ లేనట్టే ఉండాలి, ఏం జరిగినా నోరు మెదపొద్దన్నాడు. వదినకు అంతకంటే పెద్ద శిక్ష ఇంకొకటి లేదు. పెదవులు బిగించి తీయడం మొదలుపెట్టింది. ఒక్కసారి విన్న వరసంతా అతని వేళ్ళకు కంఠతా వచ్చేసింది. ఎక్కడా తడుముకోవడం లేదు, తొందర లేదు. తను కాగితం ముందుంటే గానీ ఒక్క బస్సు పేరైనా చెప్పలేదు. ఇతనికి ఎంత ధారణ అని ఆమె మనసులోనే మురిసిపోయింది.

మెనూ వచ్చింది. రెండోసారి కూడా సేఫ్ మోడ్‌లోకి రావడంతో, జబ్బు ముదిరిందనుకుంది కాబోలు ఆ సిస్టం, వరస మార్చేసింది. పైన ఇప్పుడు ‘అన్నీ చెరిపి కొత్తగా ఎక్కించు’ అని ఉంది. అతని వేలు తాపీగా ఎంటర్ మీట వైపు వెళుతోంది. పాఠాలకు వేరేచోట నకళ్ళున్నాయని ఆమెకు తెలుసు. కానీ అన్నీ చెరిగిపోతే మళ్ళీ ఎక్కించుకునేసరికి గడువు దాటిపోతుంది, అతని పట్టుదలంతా నీళ్ళపాలవుతుంది. మాట్లాడితే వీడియో చెడుతుంది. ఆమెకు మింగలేక కక్కలేక అయింది.

“ఆగు!”

ఎదురింటి కిటికీ తెరుచుకునేంత కేక అది. మరిది వేలు గాలిలో ఆగిపోయింది. ఏముందక్కడ అని అడిగి, ఆమె చెప్పింది విని వేలు వెనక్కి తీసుకున్నాడు. వదిన కళ్ళనీళ్ళ పర్యంతమై, అంతా చెడగొట్టానంది, మళ్ళీ తీద్దామంది.

“చెడలేదు వదినా. నేను నెల్లాళ్ళుగా రాస్తున్నది ఇదే. కేకతో సహా పంపుదాం,” అన్నాడు.

బస్టాండులో అందరూ మెచ్చుకునే గొంతు ఇలా పెంకు పగిలినట్టు బయటికెళ్ళడం ఆమెకు నచ్చలేదు గానీ ఒప్పుకుంది. వీడియో కింద అతను ఎక్కువేమీ రాయలేదు. పక్కనున్నవారు ఈరోజు ఇంట్లోనే ఉన్నారు, లేని రోజున ఏమిటి అని అడిగి, గడువులోపే పంపేశాడు.

కంపెనీ గడువు పొడిగించింది. కొన్ని వారాలకు, మార్చిన సిస్టంను పంపింది. మరిది వదినను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని దాన్ని సేఫ్ మోడ్‌లోకి దింపాడు. ముందు నిశ్శబ్దం. తర్వాత సన్నని గొంతొకటి వినపడింది. నాలుగు మూలల్లోని చిన్న అక్షరాలతో మొదలుపెట్టి, మెనూలో ఒక్కొక్కటే చదువుకుంటూ వచ్చింది. “ఇది నొక్కితే అన్నీ చెరిగిపోతాయి. ఆగండి,” అంది.

ఎక్కడెక్కడో, ఎవరూ లేని ఇళ్ళలో ఈ మాట వినపడుతుందని అనుకుంటే వదినకు మరిదిని చూసి ఒళ్ళు పులకరించింది. అది దాచుకోవడానికి మూతి తిప్పింది.

“ఇంత మెత్తగా చెబితే ఎవరాగుతారు?”

మరిది నవ్వాడు. అతని వేలు ఎంటర్ మీట మీద ఆగి ఉంది.