లాభం లేదన్న మాట

శుక్రవారం మధ్యాహ్నం క్లాసంటే మా జూనియర్ సర్జన్లందరికీ ఒళ్ళు మంట. రాత్రంతా డ్యూటీ చేసి, తిన్నామో లేదో గుర్తులేని స్థితిలో మూడో అంతస్తు గదిలో కూలబడితే, బట్టతల ప్రొఫెసరుగారు బోర్డు మీద గీతలు గీస్తూ ఆపరేషన్ల ఖర్చు, ఫలితం అంటూ మొదలుపెట్టేవారు. ఆయనకు లెక్కల మాస్టారని పేరు పెట్టాం. కోసి కుట్టడం నేర్చుకోవడానికి వచ్చాం గానీ కిరాణా కొట్టు పెట్టుకోవడానికి కాదని అందరికంటే ఎక్కువ సణిగింది నేనే.

"ఆపరేషన్ బాగా జరిగిందంటే ఏమిటి?" అని ఒకసారి అడిగారు. రోగి బల్ల మీద పోకపోతే బాగా జరిగినట్టేనన్నాను. అందరూ నవ్వారు, ఆయన తప్ప.

"ఇంటికెళ్ళాక తన స్నానం తను చేస్తున్నాడా? మంచానికి అతుక్కుపోయాడా? ఇంట్లోవాళ్ళు కడుపు మాడ్చుకుని మందులు కొంటున్నారా? అదమ్మా ఫలితం. ఇంకోటి, లాభం లేదు అనే మాట రోగుల దగ్గర అనకండి. వాళ్ళకేం కావాలో అడక్కుండా లాభం ఉందో లేదో మీకెలా తెలుస్తుంది?" అన్నారు. ముసలాయన చాదస్తం అనుకున్నాను.

ఆ తరవాత కొద్ది రోజులకే నాన్నకు కడుపులో గడ్డ బయటపడింది. నాన్న బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. గుండె అప్పటికే అంతంతమాత్రం. మా యూనిట్ పెద్ద సర్జన్ స్కాన్ చూసి దాచకుండా చెప్పింది. ఈ గుండెతో అంత పెద్ద ఆపరేషన్ తట్టుకోవడమే కష్టం. తట్టుకున్నా కొన్ని నెలలు ఎక్కువ బతుకుతాడు, అవి కూడా గొట్టాలతో, మంచంలో. "చేయమంటే చేస్తాను. ఆలోచించుకోండి" అంది.

అమ్మ ఆలోచించనే లేదు. "నువ్వుండగా నాకేం భయమే? చేయించెయ్యి" అంది కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే.

మర్నాడు అమ్మ కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి వెళ్ళినప్పుడు నాన్న పక్కన కూర్చున్నాను.

"ఏం డాక్టరమ్మా, మొహం అలా వేలాడేసుకున్నావు?" అన్నాడు.

పెద్ద సర్జన్ అన్నదంతా ఏదీ దాచకుండా చెప్పాను. చెప్పడం సగమయ్యేసరికి నాన్నే నీళ్ళ గ్లాసు అందించాడు.

"నీకేం కావాలి నాన్నా?" అని అడిగాను. ఎంత విసుక్కున్నా, లెక్కల మాస్టారు నేర్పిన చదువే అక్కరకొచ్చింది.

"వద్దమ్మలూ. కోయించుకుని ఆ గొట్టాల మధ్య పడుండలేను. మీ అమ్మ మిషను చప్పుడు వింటూ ఇంట్లోనే ఉంటాను."

"అయితే అమ్మకు నువ్వే చెప్పు."

"నేను చెప్పను. నువ్వే వద్దన్నావని చెప్పు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "బాగుంది వరస. తిట్లన్నీ నాకా?"

"నేనే వద్దన్నానని తెలిస్తే, తనకి చాకిరీ తప్పించడానికే పోయానని లోపల్లోపల కుమిలిపోతుంది. నీ మీదైతే అరుస్తుంది. అరిచే మనిషి అన్నం తింటుందే. ఒట్టెయ్యి, ఎప్పటికీ చెప్పనని."

చెయ్యి చాచాడు. ఏడుస్తూనే అందులో చెయ్యి వేశాను.

ఆ రాత్రి అమ్మతో చెప్పాను. "ఆపరేషన్ వద్దమ్మా, లాభం లేదు." ఎంత కూడబలుక్కున్నా నా నోట్లోంచి ఆ మాటే వచ్చింది.

"లాభమా? మీ నాన్నేమన్నా కొట్లో సరుకుటే?" అంది అమ్మ.

నాన్న కోరుకున్నట్టే ఇంట్లో ఉన్నాడు. మిషను పక్కన కుర్చీ వేసుకుని, కుట్టు వంకర పోయిందని అమ్మను ఏడిపించేవాడు. ఒక ఉదయం అమ్మ బాబిన్ మారుస్తూ ఏదో అడిగితే పలకలేదు. అప్పటికే పోయాడు.

ఆ తరవాత అమ్మ నాతో నేరుగా మాట్లాడటం మానేసింది. నాకు వినబడేలా పిన్నితో మాత్రం అనేది. "పెద్ద చదువు చదివిందిగా నా కూతురు. తండ్రికి ఖరీదు కట్టింది." నాన్న చెప్పినట్టే అరిచేది, అరిచి అన్నం తినేది. నేను దిండులో మొహం దాచుకుని ఏడ్చేదాన్ని.

నిన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి అమ్మ నా కంచంలో అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. ఎన్నాళ్ళకో నా మొహంలోకి చూసింది.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఆపరేషన్ కావాలో వద్దో మీ నాన్నని అడిగావా? ఒక్కసారన్నా అడిగావా తల్లీ?"

తల్లీ అంది. అవునంటే చాలు, నన్ను దగ్గరకు తీసుకునేలా ఉంది. కానీ అడిగానంటే, ఆయనేమన్నాడో కూడా చెప్పాలి.

"లేదమ్మా. అడగలేదు" అన్నాను.

అమ్మ లేచి, "తిను" అని, లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.