మంగు మచ్చల మిషను

నేను ఒక లేజరు యంత్రాన్ని. ఎక్కడో చలిదేశంలో తెల్లతోలు మనుషుల కోసం పుట్టి, చేతులు మారి మారి తణుకులో హైమ బ్యూటీపార్లరుకు చేరాను. అమ్మినవాడు మీటలు చూపించి, నాలుగు జాగ్రత్తలు చెప్పి వెళ్లిపోయాడు. హైమ చదువంతా అదే. అయినా దసరాకి నాకు పసుపు రాసి బొట్టు పెట్టేది. నేనేదో ఘనకార్యం చేస్తున్నట్టు పొంగిపోయేదాన్ని.

ఒకరోజు రాజ్యం గారు వచ్చారు. రెండు బుగ్గల మీదా మంగు మచ్చలు. కూతురి పెళ్లి దగ్గరపడింది.

"పీటల మీద కూర్చోవాల్సినదాన్ని. ఫొటోల్లో ఈ మంగే కనపడుద్ది అమ్మాయ్."

"ముందు చెవి పక్కన కొంచెం చేసి, కొన్నాళ్లు చూడాలండి."

"ముహూర్తం ఆగుద్దేంటి?"

హైమ మెత్తబడింది. ఒక్కసారికే పోవాలని నా జోరు పెంచింది. నలుపు కనిపిస్తే కాల్చడమే నాకు తెలిసిన విద్య. చామనఛాయ ముఖంలో ఏది మచ్చో, ఏది చర్మమో పోల్చుకోలేక రెండింటినీ కాల్చాను. ఎండలోకి వెళ్లొద్దని చెప్పి పంపింది హైమ. నలుగు మాట ఎత్తలేదు. పెళ్లింట్లో కన్యాదానం చేసేవాళ్లకూ నలుగు పెడతారని తెలియని మనిషా!

మర్నాడు ఆడపడుచు కనకవల్లి గారు ఆ కందిన బుగ్గల మీద సున్నిపిండి పెట్టి రుద్దారు. బొబ్బలు లేచాయి. పీటల మీద రాజ్యం గారు ముఖాన కొంగు కప్పుకునే కూర్చున్నారట. ఇదంతా తర్వాత ఆవిడే వచ్చి చెప్పారు. బుగ్గలు మాడిన అట్టులా ఉన్నాయి.

"నీ తప్పేం లేదులే. మా వదినవి చేతులా, ఇటుకలా? ఇంక ఆవిడ మొహం చూడను."

హైమ నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. చర్మం డాక్టరుకు చూపించుకోమని మాత్రం అంది. నాకా, నోరే లేదు. కాల్చింది నేను, కాల్పించింది హైమ, శిక్ష ఇంకొకరికి. సిగ్గుతో చచ్చిపోయాను.

మళ్లీ దసరా వచ్చింది. కత్తెరలకూ దువ్వెనలకూ పసుపు రాసిన హైమ నా దగ్గరికొచ్చి ఆగిపోయింది. అప్పుడే ఒక పెద్దావిడ లోపలికి వచ్చి, తాను కనకవల్లినని చెప్పి, అరచేతులు చాచారు.

"వీటిని చూసి చెప్పమ్మా. మా ఇళ్లల్లో పెళ్లికూతుళ్లందరికీ నలుగు నేనే పెట్టేదాన్ని. ఇప్పుడెవరూ ముట్టుకోనివ్వట్లేదు. ఏమన్నా రోగమా?"

ఆ చేతులు మెత్తగా ఉన్నాయి. హైమ వాటిని పట్టుకుని ఏడ్చేసింది.

"తప్పు నాదండి. రాజ్యం గారి బుగ్గలు నేనే కాల్చేశాను. నలుగు వద్దని చెప్పలేదు."

ఆవిడ చేతులు వెనక్కి తీసుకున్నారు.

"ఈ మాట మా రాజ్యంతో చెప్తావా?"

హైమ నా వైరు పీకి, చెప్పులు వేసుకుని ఆవిడ వెంట నడిచింది.

ఆ ఏడు నాకు పసుపు దక్కలేదు. దక్కకపోవడమే న్యాయం. ఇప్పుడు మెట్ల కింద విరిగిన కుర్చీల మధ్య పడి ఉన్నాను. ఎవరి పెళ్లికో కనకవల్లి గారు మళ్లీ సున్నిపిండి కలిపారని మొన్న మాటల్లో వినబడింది. నలుగు పాట అందుకున్నది రాజ్యం గారేనట.

ఆవిడ బుగ్గలు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయట.