పాత పద్ధతిలోనే నడపండి

డోనట్ కొట్టు గ్లెన్ చెడ్డవాడేం కాదు. పుట్టినరోజు నాడు తన కస్టమర్లకి ఉచిత డోనట్ కూపన్ పంపుదామని నాలుగు ముక్కల కోడ్ రాసుకున్నాడు, అంతే. ఎక్కడ ఆగాలో చెప్పడం మర్చిపోయాడు. అది గానుగెద్దులా తిరుగుతూనే ఉంది.

అసలు తప్పు లోర్న్ అనే ఆయన కంపెనీది. కెనడాలో విన్నిపెగ్ అనే ఊళ్ళో వాళ్ళు అమ్మే సాఫ్ట్‌వేర్ పనుల్ని ఒకదాని వెనక ఒకటి అల్లుతుంది: ఇది జరిగితే అది చెయ్యి, అదయ్యాక ఫలానా వాళ్ళకి ఫోన్ కొట్టు. మధ్యలో ఎవరికి కావలసిన కోడ్ వాళ్ళు రాసి పెట్టుకోవచ్చు. జనం ఎగబడి కొన్నది ఆ సౌకర్యం కోసమే. కానీ ఆ పరాయి కోడంతా ప్రధాన ప్రోగ్రాం కడుపులోనే నడిచేది. ఒకడిది మొరాయిస్తే అందరి పనీ ఆగిపోయేది.

గ్లెన్ కూపన్లు గిర్రున తిరుగుతున్న ఆ జనవరి సాయంత్రమే, ఉత్తరాన ఓ చిన్న ఊళ్ళో ఐరీన్ అనే పెద్దావిడ ఇంట్లో వేడినిచ్చే ఫర్నేస్ ఆగిపోయింది. మంచం దిగలేని మనిషి. ఇల్లు చల్లబడుతోందని గోడకున్న డబ్బా కబురు పంపింది. ఆ కబురు అందుకుని పొరుగువాళ్ళకి ఫోన్ చెయ్యాల్సింది లోర్న్ సాఫ్ట్‌వేరే. అదేమో కూపన్లలో తలమునకలై ఉంది. పొద్దున్న తలుపు తీసి చూసేసరికి ఐరీన్ ప్రాణం పోయి ఉంది.

ఆవిడ కూతురు డార్లీన్ లోర్న్ ఆఫీసుకొచ్చింది. అరుస్తుందనుకున్నారు అందరూ. అరవలేదు, కోటు కూడా విప్పకుండా నిలబడింది.

"నేను పోట్లాడ్డానికి రాలేదు. ఇంకొకళ్ళకి ఇలా జరగదని ఒక్క మాట చెప్పండి, వెళ్ళిపోతా."

లోర్న్ నేలచూపులు చూశాడు. ఆ ప్రోగ్రాం రాసేవాళ్ళందరికీ పెద్ద అయిన ఒక్సానా నోరు తెరిచింది. "జరగదండీ. నాదీ పూచీ."

అన్నంత పనీ చేసింది మహాతల్లి. కస్టమర్లు రాసే కోడ్‌ని ప్రధాన ప్రోగ్రాంలోంచి బయటికి లాగి, దానికి వేరే కాపురం పెట్టించింది. ఇక అది తన కొంపలోనే నడవాలి. ప్రధాన ప్రోగ్రాంలోకి చెయ్యి పెట్టడానికి లేదు. అడ్డం తిరిగితే పీక నొక్కేసి ఇంకొకదాన్ని లేపడమే. వేసవంతా దానికే పోయింది. పడవేసుకుని సరస్సు మీదికి పోదామని మొగుడు పిలుస్తూనే ఉన్నాడు, ఒక్కసారీ పోలేదు. గ్లెన్ కోడ్‌నే తెచ్చి దాంట్లో నడిపించి చూసింది. అది గిరగిరా తిరిగింది, చచ్చింది. పక్కన ఫర్నేసుల కబుర్లు ఒక్కటీ ఆగలేదు. ఒక్సానాకి కళ్ళు చెమర్చాయి. ఆఫీసంతా చప్పట్లు కొట్టారు.

కస్టమర్లందరినీ అందులోకి మార్చిన రోజునుంచే ఫోన్లు మొదలయ్యాయి.

"నీ పుణ్యమాని నా చెవులు చిల్లులు పడుతున్నాయి తల్లీ," అన్నాడు ఫోన్లెత్తే డ్వేన్. "లారీల కంపెనీ వాళ్ళ కోడ్ పనిచెయ్యట్లేదంట. ప్రధాన ప్రోగ్రాంలో ఏవో దాచుకునేవాళ్ళంట, ఇప్పుడు చెయ్యి అందట్లేదంట."

"అందకూడదనే కదయ్యా కట్టింది!"

"ఆ మాట వాళ్ళకి నువ్వే చెప్పు. నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతున్నారు."

సరే, లారీల వాళ్ళకి ప్రధాన ప్రోగ్రాంలోకి చెయ్యి పట్టేలా ఒక్క కిటికీ తెరిచింది. మర్నాడు పశువుల డాక్టరు గారికి ఇంకొకటి. తర్వాత చర్చి వాళ్ళకి. ప్రతీదీ తాత్కాలికమే, ప్రతీదీ చిన్నదే. ఇలా అయితే గోడెందుకు, కిటికీలే మిగుల్తాయి కదా అని ఒక్సానా మొత్తుకుంది. అంతలో ధాన్యం గిడ్డంగుల వాళ్ళు, కంపెనీలో అందరికన్నా పెద్ద కస్టమర్లు, పాతది ఇస్తారా వేరేచోటికి పొమ్మంటారా అని తేల్చి అడిగారు.

లోర్న్ ఆమెని పిలిచి కూర్చోబెట్టాడు. "ఒక టిక్ పెట్టె పెట్టెయ్యమ్మా. 'పాత పద్ధతిలోనే నడపండి' అని. కావలసినవాళ్ళు టిక్ పెట్టుకుంటారు, లేనివాళ్ళు కొత్తదాంట్లో ఉంటారు. గొడవ వదిలిపోతుంది."

"ఒక్కళ్ళు పాత పద్ధతిలో ఉన్నా ఇంకా అందరి పీకల మీదా కత్తి ఉన్నట్టే లోర్న్. ఐరీన్ సంగతి మర్చిపోయావా?"

"మర్చిపోలా. నాకూ నిద్ర పట్టదు, నీకొక్కదానికే కాదు. గిడ్డంగుల వాళ్ళు పోతే కంపెనీ ఉండదు. అప్పుడు ఆ ఫర్నేసుల ఫోన్లెవరు చేస్తారు, నువ్వు చేస్తావా?"

"నేను రాయను. పోతా."

"పో. నువ్వు పోయిన రోజే ఇంకొకడు రాస్తాడు. వాడికి ఐరీన్ ఎవరో కూడా తెలీదు."

ఒళ్ళు మండిపోయింది ఒక్సానాకి. అయినా వెళ్ళి కూర్చుని తన చేత్తోనే రాసింది. అంత తేలికైన పని ఆమె ఆ ఏడాదిలో చెయ్యలేదు.

ఇంక చూస్కోండి! ఏ చిన్న తేడా వచ్చినా డ్వేన్ "ఆ టిక్ పెట్టెయ్యండి సార్" అనడమే. గిడ్డంగులు పెట్టాయి, లారీలు పెట్టాయి, చర్చి పెట్టింది. గ్లెన్ కూడా పెట్టాడు. ఆయనకి ఏ ఇబ్బందీ లేదు, అందరూ పెడుతున్నారని పెట్టాడు. ఒక్సానా కట్టిన కొత్త కొంప చక్కగా, ఖాళీగా, ఎవరికీ అక్కర్లేకుండా నడుస్తూ ఉంది.

మొదటి మంచు పడ్డ వారం డార్లీన్ ఫోన్ చేసింది. గొంతులో హుషారు.

"మా పెద్దమ్మ ఇంటికీ మీ డబ్బా పెట్టించానమ్మా. అమ్మ పోయాక నాకు మిగిలింది ఆవిడే. నువ్వు మాటిచ్చావు కదా, ఆ ధైర్యంతోనే."

సరేనంటే సరిపోయేది. అనలేకపోయింది. "డార్లీన్, కట్టాను, కానీ దాంట్లో ఎవరూ లేరు. అందరూ మళ్ళీ పాతదాంట్లోకే వెళ్ళిపోయారు. అప్పటిలాగే ఉంది. పెద్దమ్మ ఇంట్లో మా డబ్బా మాన్పించెయ్యండి."

అవతల కుర్చీ లాగిన చప్పుడైంది.

"మాన్పించి ఇంకెవరిది పెట్టించను? ఈ చుట్టుపక్కల ఉన్నది మీరొక్కళ్ళే కదా. ఆవిడుండేది ఒక మూల, నేనుండేది ఒక మూల. ఆవిడ ఊరు వదిలి రాదు."

"తెలుసండీ."

"ఇప్పుడు నువ్వేమన్నా చెయ్యగలవా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్పావమ్మా?" అంది డార్లీన్. కోపం కూడా లేదు ఆ గొంతులో. "ఈ చలికాలం నేను నిద్రపోయేదాన్ని కదా."

డార్లీన్ ఫోన్ పెట్టెయ్యలేదు, ఒక్సానా కూడా.