తీసేసిన నాలుగు లైన్లు

పదకొండు గంటలకే రేకుల కింద గాలి ఆడటం మానేసింది. నాచారం పారిశ్రామికవాడలోని ఆ ప్రెస్సులో ఆరుగురు ఆడవాళ్ళు నేల మీద గోనెపట్టాలు పరుచుకుని కాగితాలు మడత పెడుతున్నారు. కాగితాలు ఎగిరిపోతాయని ఫ్యాను వెయ్యరు. మూలన నీళ్ళ క్యాను నిండుగా ఉంది. పొద్దున్నుంచీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

దప్పిక లేక కాదు. ఆడవాళ్ళ కోసమని కట్టిన పాయిఖానాలో రెండేళ్ళుగా కాగితం రీములు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. గోడౌను అద్దె మిగులుతుందని ఓనరు రామస్వామి చేసిన ఏర్పాటది. మగవాళ్ళు గోడ వెనక్కి పోతారు. ఇంకొకటి రామస్వామి కేబిన్‌లో ఉంది, టైల్స్ వేసింది. అది ఆయనకూ, ఆర్డర్లిచ్చే పార్టీలకూ. ఈ ఆరుగురూ రోడ్డు దాటి పెట్రోలు బంకుకు పోయేవాళ్ళు. పోయిన నెల బంకువాళ్ళు కూడా తాళం వేసుకున్నారు. ఇక మిగిలిన దారి నీళ్ళు తాగకపోవడమే. కిందటి వారం వీళ్ళలో మల్లవ్వకు మూత్రంలో నెత్తురు పడింది. యాభై అయిదేళ్ళ మనిషి, రెండు రోజులు దవాఖానాలో పడుకుంది. ఆ రెండు రోజుల కూలి కోసేశారు.

ఇవాళ మడుస్తున్నది 'గొంతు' అనే చిన్న పుస్తకం. ఇట్లాంటివాటిని జీన్ అంటారట, మ్యాగజీన్‌లోంచి తోకముక్క తుంచుకుని పెట్టిన పేరు. ఒక్క పెద్ద కాగితం మీద ఎనిమిది పేజీలూ అచ్చువేసి, నడుమ ఒక్క గాటు పెట్టి మడిస్తే పుస్తకమైపోతుంది, పిన్ను కూడా అక్కర్లేదు. ఆరుగురిలో ఆ గాటు స్వర్ణలత పని. కాస్త ఎక్కువ తెగితే పుస్తకం విచ్చుకుపోతుంది, తక్కువ తెగితే మడతే పడదు. రోజుకు నాలుగు వందల యాభై ఆమె కూలి. 'గొంతు' వెల రెండు వందలు.

స్వర్ణలత పది దాకా చదివింది. అందుకే రెండు నెలల కింద ఉదయశ్రీ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఉదయశ్రీది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సామాజిక న్యాయం మీద, అస్తిత్వాల మీద, బస్తీ పోరాటాల మీద స్నేహితులతో కలిసి 'గొంతు' తెస్తుంది. ఫోను ముందు పెట్టి, "మీ బాధ మీ మాటల్లోనే చెప్పండక్కా, ఒక్క అక్షరం మార్చం" అంది.

స్వర్ణలత చెప్పింది ఒక్కటే సంగతి, పాయిఖానా సంగతి. "నాలుగు లైన్లే మేడం, జర పెద్దగ రాయుండ్రి" అని కూడా అంది. పుస్తకంలో పడితే నలుగురూ అడుగుతారు, సిగ్గుకైనా సారు ఆ గది ఖాళీ చేస్తాడని ఆశ. దవాఖానాలో మల్లవ్వ మంచం పక్కన కూర్చుని కూడా అదే చెప్పింది. "పుస్తకం రానీ అత్తా, ఊకుంటడా సూద్దాం."

ఇవాళ పుస్తకం వచ్చింది. ఆమె మాటలున్న పేజీ పైవరసలో తలకిందులుగా అచ్చయి ఉంది. కాగితం తిప్పి చదివింది.

'నేను కాగితాన్ని మడుస్తాను. కాగితం నన్ను మడుస్తుంది. నా దేహమే నా జెండా.'

అంతే. కింద రెండు చేతుల బొమ్మ, నిండా గాజులతో. చివరి పేజీలో మాత్రం అక్షరాలు పెద్దవే. 'శ్రమజీవుల నేస్తం, మా ముద్రాపకులు రామస్వామి గారికి కృతజ్ఞతలు.'

"ఏందే, గట్ల కొయ్యబారినవ్?" అంది మల్లవ్వ. "మన ముచ్చట రాసిన్రా?"

"రాసిన్రు. నా దేహం జెండా అయిందట."

"ఏంది?"

"జెండా అత్తా. పంద్రాగస్టుకు ఎగరేస్తరు గదా, అది."

"మరి పాయిఖాన?"

"అది లేదు."

మల్లవ్వ చేతిలోని కాగితం మడిచి పక్కన పెట్టింది. "గంతేలే. జెండకు పాయిఖానెందుకు?" అంది. ఆరుగురూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఒంటిగంటకు ఉదయశ్రీ క్యాబ్ దిగింది. భుజానికి గుడ్డసంచి, దాని మీద 'ప్రశ్నించు' అని ఎర్రటి అక్షరాలు.

"అక్కా, చూశారా? మీ పేజీ చదివి మా ఫ్రెండ్ బిందుమాధవి ఏడ్చేసింది తెలుసా!"

"ఆమె ఏడిస్తె ఏడ్సింది గని మేడం, నేను జెప్పింది యాడికి వోయింది?"

ఉదయశ్రీ గొంతు తగ్గించింది. "అదీ... ఎడిటింగ్‌లో తీసేశాం. చదివేవాళ్ళకి కాస్త సౌందర్యం కూడా ఉండాలి కదక్కా. పైగా రామస్వామి గారు మనకి సగం రేటుకే వేస్తున్నారు. ఆయన్నే తిడితే సంచికే ఆగిపోతుంది. అప్పుడు మీ గొంతు ఎవరు వినిపిస్తారు చెప్పండి?"

చిన్నపిల్లకు లెక్క చెప్పినంత ఓపికగా చెప్పింది. ఆమె ముఖంలో సిగ్గు కోసం స్వర్ణలత వెతికింది. లిప్‌స్టిక్ కనబడింది.

"సాయంత్రం ఉప్పల్‌లో ఆవిష్కరణ. మెట్రో స్టేషన్ పక్కన కేఫ్, పైన హాలు. మీ పేజీ మీరే స్టేజీ మీద చదవాలి. చీర మార్చుకోకండేం, ఇలాగే రండి. ఆ సిరా మరకలు కూడా ఉండనివ్వండి. చాలా సహజంగా ఉంటుంది."

కేబిన్‌లోంచి రామస్వామి బయటికొచ్చాడు. "ఏం స్వర్ణా, స్టారయినవ్! గంట ముందుగాల్నే పో, కూలి కట్ చెయ్య. గని నాలుగింటికల్ల మూడొందల కాపీలు అయిపోవాలె."

"సర్, ఒకసారి వాష్‌రూమ్..." అంది ఉదయశ్రీ.

"అయ్యో మేడం, అడగాల్నా! మీదే అనుకోండ్రి." తనే తలుపు తీసి పట్టుకున్నాడు.

భోజనాల వేళ కావడంతో మిషన్లు ఆగి ఉన్నాయి. లోపల నీళ్ళు వదిలిన చప్పుడు ఆరుగురికీ స్పష్టంగా వినిపించింది. ఉదయశ్రీ ముఖం తుడుచుకుంటూ వచ్చింది. క్యాను దగ్గర నిలబడి రెండు గ్లాసుల నీళ్ళు గటగటా తాగింది. "అబ్బ, ఏం ఎండలండీ! మీరంతా ఎలా ఉంటున్నారో" అంది.

స్వర్ణలత బ్లేడు కింద పెట్టింది. లేచి, చీర దులుపుకుని, కేబిన్ వైపు నడిచింది.

"యాడికి?" అన్నాడు రామస్వామి.

"లోపటికి."

"ఏం పని?"

"మేడం వోయిన పనే."

"అది పార్టీలకు. నీకు ఎరుక లేదా?"

"ఎరుకనే సారు. జరుగుండ్రి."

"మస్తు మాట్లాడుతున్నవ్. లోపట కాలు వెడితె రేపట్నుంచి పన్లకు రాకు."

స్వర్ణలత ఆగింది. ఇంటి అద్దె గుర్తొచ్చింది. ఉదయశ్రీ వైపు చూసింది. గుడ్డసంచి మనిషి ఫోనులో టైము చూసుకుంటోంది.

"రేపటి ముచ్చట రేపు, సారు. ఇయ్యాల్టిది ఆగుతలేదు."

ఆయన పక్కనుంచి లోపలికి పోయి గొళ్ళెం పెట్టుకుంది. తెల్లటి గోడలు, గోడకు అద్దం, పైన గిరగిరా తిరిగే చిన్న ఫ్యాను. ఈ ఫ్యానుకు ఎగిరిపోయే కాగితాలేమీ లేవు.

బయట తలుపు మీద గుద్దులు. "బయటికి రా! తమాషా అయిందా?"

ఉదయశ్రీ గొంతు కూడా వినిపించింది. "సర్, ప్లీజ్, గొడవొద్దు." తర్వాత తలుపుకు దగ్గరగా, బతిమాలుతూ, "అక్కా, నాలుగింటికి కాపీలు..."

గోనెపట్టాల మీంచి లేస్తున్న చప్పుడు, సిమెంటు నేల మీద చెప్పుల చప్పుడు వచ్చాయి. ఒక జత, ఇంకో జత. తలుపుకు అవతల మల్లవ్వ దగ్గింది.

"తలుపు ఇరుగుతది, గుద్దకుండ్రి సారు. నా ఎనక ఇంక నలుగురున్నరు. మీకు గంత అర్జెంటైతె లైన్ల నిలబడుండ్రి."

గుద్దులు ఆగిపోయాయి. లోపల స్వర్ణలత తొందరపడలేదు.