అతుకని ఱెక్కలు

శ్రావణమాసారంభమున నొకనాటి యపరాహ్ణము. నైరృతిదిక్కునుండి గుంపులు గుంపులుగా తరలివచ్చిన నీలమేఘములు విశాఖపట్టణము నావరించి సముద్రమునకును ఆకాశమునకును నడుమనుండెడి గీతను తుడిచివేయగా, రేవునందలి యోడలు కూత వినిపించుటయే తప్ప కంటికి కానరాకుండెను. వాల్తేరు మెట్టమీది యిండ్ల చూరులనుండి జాఱెడి జలధారలు జీడిమామిడి చెట్ల మొదళ్లయందు మడుగులు కట్టుచుండ, తడిసిన యెఱ్ఱమంటి వాసనయు ఉప్పుగాలియు కలిసి తెఱచియున్న ప్రతి గవాక్షమునుండియు లోనికి ప్రవేశించుచుండెను.

అట్టి వేళ నా మెట్టమీది యొక గృహమున మేడగదిలో హైమవతియను వృద్ధురాలు సన్నని చాకును జిగురుగొట్టమును కుంచెలను బల్లపై నమర్చుకొని, భర్త బ్రతికియున్నంతకాలము తా నెన్నడును తాకి యెఱుగని యొక కాగితపు పెట్టెను ముందిడుకొని కూర్చుండియుండెను. ఆ గది నలుగోడలయందును నేలమొదలు కప్పువఱకు నట్టి పెట్టెలే. ప్రతి మూతమీదను మేఘములను చీల్చుకొని పోవుచున్న యొక విమానముయొక్క వర్ణచిత్రము. లోపల మాత్రము విమానముండదు; చట్రములకు అంటియున్న ప్లాస్టిక్ తునకలుండును. వానిని ఓపికతో కోసి అంచులు నునుపుచేసి జిగురుతో అతికి రంగులు పూసినచో అఱచేతియంత విమాన మొకటి రూపుదాల్చును.

ఈ పెట్టెల నన్నింటిని సంపాదించినవాడు ఆమె భర్తయైన డాక్టరు త్రివిక్రమరావు. యౌవనమున నతడు బొబ్బిలిలో శస్త్రవైద్యుడై పరిసరగ్రామములన్నిట హస్తవాసి కలవాడని పేరుగాంచి, నలుబదియేండ్లైన నిండకమునుపే యేకారణమును చెప్పక కత్తిని విడిచిపెట్టి, విశాఖపట్టణమునకు వచ్చి విద్యార్థులకు శరీరశాస్త్రము బోధించుచు కాలము గడపెను. ఏ పట్టణమునకు పోయినను విమానపు పెట్టె నొకదానిని తెచ్చుట అతని వాడుక. ఎన్నడు కట్టెదరని భార్య యడిగినప్పుడెల్ల, “తొందరయేల? తీరిక దొరకినప్పుడు చూతము” అని నవ్వెడివాడు. ఉద్యోగవిరమణ జరిగి తీరిక యపారముగా దొరకిన పిమ్మటను పెట్టెలు పెరిగెనేగాని యొక్క విమానమైనను బల్లపై నిలువలేదు. విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రశాఖయందు ఆకులను పూవులను చిత్రించుటయే వృత్తిగా జీవించిన హైమవతికి పని మొదలుపెట్టకుండుట యనునది సహింపరాని దోషము. “మావారు కొనుటయందు శూరులు, కట్టుటయందు కారు” అని బంధువుల యెదుటనే యామె పరిహసించుచుండ నతడును వారితోపాటు నవ్వుచు చేతులను ఉత్తరీయము క్రిందికి చేర్చుకొనెడివాడు.

ఆ పరిహాసమునకు మూలమైన గాయము వేఱొకటి కలదు. వారు బొబ్బిలిలోనున్న కాలమున హైమవతి తండ్రి, అచ్చటి స్టేషన్ మాస్టరైన నరసింహముగారు, ప్రేవునకు రంధ్రము పడి ప్రాణాపాయస్థితిలో నల్లుని యింటికి కొనిరాబడెను. ఊరిలోని రెండవ శస్త్రవైద్యుడు గ్రామాంతరమున నుండెను. హైమవతియు ఆమె తమ్ముడు దామోదరమును కాళ్లావేళ్లా పడి వేడుకొన్నను త్రివిక్రమరావు తలుపు నానుకొని నిలిచి, “నా చేత గాదు. విజయనగరమునకు తీసికొనిపోవుదము” అని మాత్రము పలికెను. గజపతినగరము దాటకమునుపే కారులో ఆ వృద్ధుని ప్రాణము పోయెను. దామోదరము బావను పిఱికివాడని పదుగురిలో నిందించి యా గడప నింక త్రొక్కనని శపథముచేసి, బావ మరణించిన నాడు సైతము రాకుండెను. హైమవతి గడప దాటలేదు. వండెను, వడ్డించెను, జ్వరము వచ్చిన ప్రక్కన కూర్చుండెను. కాని యా తలుపునొద్ద నిలిచిన పురుషుని ఆమె మనసు మఱల లోనికి రానీయలేదు.

సంవత్సరీకము ముగిసిన పిదప ఆమె యీ పెట్టెలను కళాశాల విద్యార్థిసంఘమునకు దానమీయ నిశ్చయించెను. వారు వచ్చులోపల నొక్క విమానమునైనను తానే కట్టి భర్త ఛాయాచిత్రము ముందుంచి, “మీరు చేయనిదానిని నేను చేసితిని చూడుడు” అనవలెనని యామెకొక మొండి కోరిక కలిగెను. కాబట్టి యీ వానవేళ మొదట చేతికందిన హంటరు అను యుద్ధవిమానపు పెట్టెను తీసి, అంచుల వెంట నంటించియున్న జిగురుకాగితమును చాకుతో కోసి మూత యెత్తెను.

ఎత్తి నిర్ఘాంతపోయెను.

లోపల తునకలు చట్రములకు లేవు. అన్నియు ఏనాడో కోయబడి, అతుకబడి, విమానము సగము తయారై యుండెను. కాని యెట్టి విమానము! ఒక ఱెక్క పైకిని ఒక ఱెక్క క్రిందికిని వాలియుండెను. జిగురు కన్నీటిచారలవలె ప్రక్కలకు కాఱి గట్టిపడియుండెను. చోదకుడు కూర్చుండు చోటిమీది పారదర్శకమైన కప్పునందు బొటనవ్రేలి ముద్ర మంచుమఱకవలె నిలిచియుండెను. ఎవరో పసివారు పాడుచేసిరని యామె మొదట తలచెను. ఆ యింట పసివారు పుట్టనే లేదని వెంటనే స్ఫురించెను. రెండవ పెట్టెను తెఱచెను. అదియు నట్లే. మూడవది, నాలుగవది, ఆవలిది. మోకాళ్ల నొప్పిని మఱచి పీటయెక్కి పైవరుసనుండి పెట్టెలను దింపి తెఱచుచు పోగా, ఎన్నడును కట్టబడలేదని లోకమంతయు నమ్మిన యా విమానములు కట్టబడి చెడి మఱల మూయబడి వరుసలు తీర్చి యామె చుట్టును వెలువడెను.

అందొక చిన్న విమానముయొక్క తోకమీద ఎఱ్ఱని గీత యొకటి యుండెను. హైమవతి దానిని కిటికీ వెలుగునకు పట్టి చూచెను. జీవితమంతయు ఆకుల యీనెలను గీసిన యామెకు గీతల స్వభావము మనుష్యుల స్వభావముకన్న బాగుగా తెలియును. నేర్పులేని చేయి దారితప్పును. తొందరపడు చేయి మధ్యలో తెగును. ఈ గీత దారి తప్పలేదు, తెగలేదు. ఎచ్చటికి పోవలెనో యెఱిగి యచ్చటికే పోవుచు, మొదటినుండి తుదివఱకు సమానములైన చిన్న చిన్న యలలుగా కంపించియుండెను. అది చేతకానివాని గీత గాదు. వణకెడి చేతి గీత.

అతిథుల యెదుట కాఫీ యెన్నడును త్రాగని భర్త, బొత్తాముల చొక్కాలను మాని లాల్చీలు మాత్రమే తొడిగిన భర్త, పెండ్లిపందిళ్లలో చేతులను జేబులనుండి తీయని భర్త, ఆమె గర్వమనుకొన్నవన్నియు నొక్కటొక్కటిగా వచ్చి యెదుట నిలువజొచ్చెను. అయినను మనసు పెనుగులాడెను. ఇది ముసలితనపు వణకై యుండవచ్చును. బొబ్బిలినాటికి ఆయన చేయి స్థిరముగానే యుండియుండవచ్చును. అట్లైన తన కోపమునకు నిలువ నీడ మిగులును.

అప్పుడు క్రిందివరుసలో డకోటా విమానపు పెట్టె కంటబడెను. అది యామె తండ్రి తుదిసారి కలకత్తానుండి వచ్చుచు అల్లునికి కానుకగా తెచ్చినది. దానిని తెఱచుటకు చేయి రాకుండెను. తెఱచెను. అట్లే కంపించిన గీతగల యొక ఱెక్క వార్తాపత్రికలో చుట్టబడియుండెను. జిగురు తడిగానుండగానే చుట్టిరి కాబోలు, కాగితము ఱెక్కలో నొక భాగమై యంటుకొని పోయెను. ఊడదీయబోయిన దానిపై పత్రిక పేరును తేదియు స్పష్టముగా కనబడెను. తండ్రి ఆషాఢమున పోయెను. పత్రిక ఆ యేటి చైత్రమాసపుది. నెల తిరుగగానే పాతపత్రికల నమ్మివేయుట ఆ యింటి వాడుక.

తండ్రి పడిపోవుటకు ముందే యా చేయి వణకుచుండెను. ఆ చేయి వణకునని దాని యజమాను డొక్కడే యెఱిగియుండెను.

హైమవతికి కన్నీరు రాలేదు. వాన చప్పుడు చాలదూరమున నెచ్చటనో వినబడుచుండ నామె యా విమానముల నడుమ నేలపై కూర్చుండి, కొంతసేపటికి, “ఒక్క మాట చెప్పియుండరాదా?” అని గోడతో ననెను. పిదప నా ప్రశ్న తనకే మఱలి వచ్చి తగిలినట్లు తల వంచుకొనెను.

చీకటి పడకమునుపే విజయనగరముననున్న తమ్మునికి ఫోను చేసెను.

“తమ్ముడా, రేపు నీవు రావలెను.”

“అక్కా, ఆ గడపను గూర్చి నీకు తెలియనిదేమున్నది?”

“గడప త్రొక్కవలదు. పెరటి మెట్లమీదుగా మేడకు రమ్ము. రాకున్న నీవు నా తోడబుట్టినవాడవు కావు.”

మఱునాడు దామోదరము వచ్చెను. న్యాయవాదిగా నెందఱినో ప్రశ్నించి గెలిచిన యా వృద్ధుడు చేతికఱ్ఱ నూనుకొని యాయాసపడుచు పెరటి మెట్లెక్కి, నేలనిండ నున్న వంకరవిమానములను చూచి గుమ్మమునందే యాగిపోయెను. హైమవతి ఉపోద్ఘాత మేమియు చెప్పక డకోటా ఱెక్కను అతని చేతిలో నుంచి, తేదిని వ్రేలితో చూపెను. అతడు కండ్లద్దములు సవరించుకొని చదివెను. మఱల చదివెను. ఎఱ్ఱని గీతగల విమానమును ఆమె చూపగా చూచెను. అంతట గోడను పట్టుకొని మెల్లగా కుర్చీలో కూలబడెను.

“ఇవి బావగారు చేసినవా?” అని యడిగెను. అన్నేండ్లలో ఆ పిలుపు అతని నోట వెడలుట అదియే ప్రథమము.

“ఆయనయే. చేయి కుదిరెనేమోయని ప్రతి పెట్టెతోను పరీక్షించుకొని యుందురు. కుదరలేదు. నా చేత గాదనిరి, జ్ఞాపకమున్నదా? మనము దానిని నిరాకరణముగా వింటిమి. ఆయన తన చేతిని గూర్చియే చెప్పిరి.”

“విప్పి చెప్పవలదా అక్కా? చేయి వణకుచున్నదని చెప్పినచో...”

“చెప్పినచో నీవు దానిని సాకు అని యుందువు. నేనును అనియుందును. పోనిమ్ము, ఆ పూట వినకపోయితిమి. తరువాత నొక జీవితమంతయు నుండెను గదా. నేను అడుగలేదు. ఆయన చెప్పలేదు. అది నాపై దయయో తనపై నభిమానమో నాకు తెలియదు. దయయే యైనచో నాకట్టి దయ యక్కఱలేకుండెను.” ఈ తుదిమాట యనునప్పుడు ఆమె కంఠమున కోపమే పలికెను.

దామోదరము నేలవైపు చూచుచు, “ఆనాడు కారులో నాన్నగారి తల బావగారి యొడిలో నుండెను. ఆయన రెండు చేతులతోను గట్టిగా పట్టుకొనియుండిరి. నేను ముందు సీటునుండి వెనుకకు తిరిగి, ఇప్పుడు పట్టుకొని యేమి లాభమంటిని. ఆయన నావైపు చూచిరి. అంతే” అనెను. అని, కోర్టులో నెన్నడును తడబడని యా మనుష్యుడు పసివానివలె నేడ్చెను. అక్క యతని నోదార్చలేదు. అతని ప్రక్కన మఱియొక కుర్చీ వేసికొని కూర్చుండెను.

విద్యార్థులు వచ్చినప్పుడు హైమవతి వారికి ఫలహారము పెట్టి పెట్టెల నిచ్చుట లేదని మర్యాదగా చెప్పి పంపెను. వంకరవిమానములను సరిచేయుదమా యని దామోదరము అడుగగా ఆమె వలదనెను. అవి చెడిపోయిన బొమ్మలు కావు, ఒక మనుష్యుడు తన్నుతాను ఏమార్చుకొనక యితరుల ప్రాణముల జోలికి పోకుండుటకు చేసికొన్న పరీక్షలని ఆమె యభిప్రాయము. అయితే గదిమూలను ఒక్క పెట్టె మాత్రము నిజముగానే తెఱవబడనిది దొరకెను. భర్త తుదియేట తెచ్చికొన్నది. బహుశః మూతయంచును గీఱుటకు సైతము ఆనాటికి చేయి సహకరింపలేదు. అందొక జంటఱెక్కల పాతకాలపు విమానము చట్రములకు అంటి నిశ్చలముగా నుండెను.

దామోదరము విజయనగరమునకు తిరిగిపోలేదు. అక్క కోయుచుండ తమ్ముడు అంచులను నునుపుచేయుచుండ దినములు గడచెను. వారికి పని తెలియదు. ఒక తునకను తలక్రిందుగా అతికి తిట్టుకొనిరి, మఱియొకటి పోయెనని బల్లక్రింద వెదకిరి. తుదకు పైఱెక్కను నిలుపు ఘట్టము వచ్చెను. దానికి రెండు చేతులు చాలవు. ఇద్దఱు చెఱియొక కొనను పట్టి, జిగురు గట్టిపడువఱకు కదలక మెదలక యుండవలెను. ఆవలి యాకాశమున వాన వెలిసి, నిజమైన విమానమొకటి ఘోషించుచు సముద్రముపైకి లేచెను. వారిరువురును తల యెత్తి చూడలేదు. తప్పు దిద్దుకొనుటకు కావలసినవారు పోయిన పిమ్మట మిగిలినవారు చేయగలిగినది స్వల్పమే. ఆ స్వల్పమునైనను చేయి చలింపక చేయవలెనని వారికి మాత్రము తెలిసియుండెను. ఊపిరిని సైతము బిగబట్టి యా వృద్ధులైన అక్కాతమ్ము లిరువురు ఆ చిన్ని ఱెక్కను పట్టుకొని, ఒకరి నొకరు చూచుకొనక, చాలసేపట్లే కూర్చుండిరి.