అటువైపు ఇసుక

మేస్త్రి తాపీ పిడితో బండ మీద నాలుగు మూలలా కొట్టి, తల పక్కకు వాల్చి విన్నాడు. మూడు మూలలు నిండుగా పలికాయి. నాలుగోది డొల్లగా పలికింది. బండ లేపి, ఆ మూల కింద ఇంకాస్త సిమెంటు మాలు వేసి, మళ్ళీ దించి రబ్బరు సుత్తితో నెమ్మదిగా కూర్చోబెట్టాడు. ఇరవై ఏడేళ్ళుగా అతను చేస్తున్న పని ఇదే. ఈ పనిలో అతనికి పేరొచ్చిందా అంటే రాలేదు. వచ్చే పని కూడా కాదది. నడిచేవాడు నేల వంక చూశాడంటే ఎక్కడో ఎత్తుపల్లం ఉందన్నమాట.

అతను ఇప్పుడు బండలు పరుస్తున్న తోటను రెండు దేశాల స్నేహానికి గుర్తుగా సరిహద్దుకు ఇవతల కట్టారు. ఇటు సగంలో ఈ దేశపు రాయి, ఈ దేశపు మొక్కలు. అటు సగంలో పొరుగు దేశానివి. నడుమ గుండ్రటి ఆవరణ, అందులో జంట స్తంభాలు. కట్టిన కొత్తలో జనం బాగానే వచ్చారు. తర్వాత ఎవరికీ పట్టలేదు. బండలు పగిలాయి, ఫౌంటెన్‌లో ఎండుటాకులు నిండాయి. ఇన్నాళ్ళకు ఉన్నట్టుండి రెండు దేశాలకూ ప్రేమ పుట్టుకొచ్చి, తోటను మళ్ళీ బాగుచేయిస్తున్నారు. ఇంకో పన్నెండు రోజుల్లో ఇరువైపుల పెద్దలూ వచ్చి రిబ్బను కత్తిరిస్తారట. పేపరు తెరిస్తే చాలు, చేతులు కలిపిన బొమ్మలే.

అప్పట్లో మేస్త్రి ఇంకా మేస్త్రి కాదు, మాలు తట్టలు మోసే కుర్రాడు. అటు సగం కట్టడానికి పొరుగు దేశం నుంచి పాతికమంది వచ్చారు. వాళ్ళ పెద్దమేస్త్రి కూతురు వాళ్ళందరికీ వంట చేసేది. ఆ పిల్ల తండ్రి వెనకాలే తిరుగుతూ, పరిచిన బండల్ని మడమతో తొక్కి "ఇది డొల్ల" అని చెప్పేది. చెప్పినవాటిలో ఒక్కటీ తప్పయ్యేది కాదు. తోట పూర్తయ్యాక పాతికమందీ వెళ్ళిపోయారు, ఆమె మాత్రం ఇతని పెళ్ళాంగా ఉండిపోయింది. పిల్లలు కలగలేదు. ఒకటే గది, ఒకటే కిటికీ. ఇంట్లో మాటలన్నీ ఆమెవి, ఊకొట్టడం ఇతనిది. ఇద్దరికీ అది సరిపోయింది.

ఇటు సగంలో చివరి బండ కూర్చోగానే సూపర్‌వైజర్ వచ్చాడు.

"ఇంక అటువైపు మొదలుపెట్టు మేస్త్రీ. అటు మాలు వద్దు. ఇసుక పరిచి బండలు పెట్టేసెయ్."

"సిమెంటు రాలేదా సార్?"

"వచ్చింది. వద్దన్నారు."

"ఒట్టి ఇసుక మీద పెడితే వానలకి కదిలిపోతాయి."

"వానల దాకా ఎవరు..." అని సూపర్‌వైజర్ నాలుక కరుచుకున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చెప్పింది చెయ్యి. పైవాళ్ళ సంగతి మనకెందుకు?"

మేస్త్రి తలూపాడు. అలా తలూపడం అతనికి అలవాటే. కానీ ఇసుక తట్ట బోర్లిస్తుంటే సంగతి అర్థమైపోయింది. తాపీపని చేసేవాడికి ఈ ముక్క ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మాలు మీద పరిచేది ఉండటానికి. ఇసుక మీద పరిచేది తీయడానికి. ప్రదర్శనలకూ సభలకూ అలాగే పరుస్తారు. నాలుగు రోజుల మురిపెం, ఐదో రోజు లారీ.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ముసలి తోటమాలి పక్కన కూర్చున్నాడు. తోట పుట్టినప్పటి నుంచీ అతనక్కడే ఉన్నాడు.

"నాకూ ఇదే గోల తమ్ముడూ. వాళ్ళ గులాబీల్ని కుండీలతో సహా పాతమన్నారు. వేరు కుండీ దాటకూడదంట."

మేస్త్రి స్తంభాల వంక చూశాడు. ఇటు స్తంభంలో ఇత్తడి పలకను రాతిలోనే దిగగొట్టి పూడ్చేశారు. అటు పలకకు నాలుగు బోల్టులు. రెంచీ ఉంటే పావుగంట పని.

"నా చిన్నప్పుడు ఒకసారి సరిహద్దు మూశారు," అన్నాడు తోటమాలి ముద్ద కలుపుతూ. "రెండు వారాలే అన్నారు. మళ్ళీ తెరిచేసరికి నాకు మీసాలొచ్చాయి." ఎప్పుడూ వేసే హాస్యం ఇవాళా వేయబోయాడు. "రెండు దేశాలూ కలిసి ఇన్ని మొక్కలు నాటాయా, నికరంగా వేళ్ళూనింది మీ సంసారం ఒక్కటే." మేస్త్రి నవ్వలేదు. అప్పుడు ముసలాయనకు గుర్తొచ్చింది. "అవునూ, చెల్లెమ్మ ప్రయాణం ఇవాళే కదూ?"

"నాలుగున్నర బస్సు."

తోటమాలి ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

పొరుగు దేశంలో ఆమె తల్లి మంచం పట్టి నెలయింది. ఆఫీసుల చుట్టూ ఆరేళ్ళు తిరిగితే ఇప్పటికి అనుమతి కాగితం వచ్చింది, అదీ ఆమె ఒక్కదానికే, పది రోజులకు. ప్రారంభోత్సవం నాటికి వచ్చేస్తానంది. బస్టాండుకు తోట మీదుగానే దారి. తనే ఇక్కడికొస్తాననీ, కలిసి వెళదామనీ పొద్దున అనుకున్నారు.

మధ్యాహ్నమంతా మేస్త్రి చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మనసు మాత్రం ఒకచోట నిలవలేదు. ఇసుక సంగతి చెబితే ఆమె ఆగిపోతుంది. తల్లి ఈలోపే పోతే, ఆ మాట బతికినంతకాలం ఇద్దరి మధ్యా కూర్చుంటుంది. చెప్పకపోతే వెళుతుంది, ఆ వెనకే సరిహద్దు మూసుకుంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కడుపునొప్పి అని పడుకుంటేనో? ఒక్క పూట బస్సు తప్పితే చాలు, రేపటి సంగతి రేపు. యాభై రెండేళ్ళ మనిషిని, బడి ఎగ్గొట్టే పిల్లాడిలా ఆలోచిస్తున్నానేమిటని తన మీద తనకే రోత పుట్టింది. అసలు సంగతి ఏమిటంటే అతనికి భయం వేసింది. ఆమె లేని ఆ గదిలోకి పొద్దుగూకాక తాళం తీసుకుని వెళ్ళడం ఎలాగో అతనికి తెలియదు.

నాలుగు కావస్తుండగా ఆమె తోట అటు సగం గేటులోంచి వచ్చింది. చేతిలో సంచి, భుజాన బ్యాగు. అప్పుడే పరిచిన బండల మీదుగా గబగబా నడిచివస్తూ మధ్యలో ఆగిపోయింది. మడమ ఆనించి ఒక బండను తొక్కింది. పక్కదాన్ని తొక్కింది. సంచి కింద పెట్టి, వంగి, రెండు బండల నడుమ వేలు దూర్చింది. ఇసుక అంటిన వేలిని కాసేపు చూసుకుంది.

"ఇవి నువ్వు పరిచినవేనా?"

"ఊఁ."

ఇటువైపుకు వచ్చి అక్కడి బండనూ తొక్కి చూసింది. కుండీల అంచుల్ని చూసింది, బోల్టుల్ని చూసింది. పెద్దమేస్త్రి కూతురికి ఇంకేం చెప్పాలి!

"ఎన్నాళ్ళకి పీకేస్తారంట?"

"చెప్పలేదు. వానల్లోపే అనుకుంటా."

"నాకు చెప్పకూడదనుకున్నావా?"

"చెప్తే ఆగిపోతావని." చేతులకంటిన ఇసుక దులుపుకుని, "చెప్పకపోతే వెళ్ళిపోతావని," అన్నాడు.

ఆమె ఇసుక వేలిని బట్టకు తుడుచుకుంది. "నాన్న పోయినప్పుడు కాగితం రాలేదు. అమ్మ కళ్ళు మూయకముందైనా చూడాలి కదా."

"వెళ్ళొద్దే," అన్నాడు మేస్త్రి.

ఆమె అతని మొహంలోకి చూసి నవ్వబోయింది. కళ్ళు నిండిపోయాయి. "ఇన్నేళ్ళలో ఒక్కసారి నోరు తెరిచి అడిగావు. అదీ ఇవాళే అడగాలా? పది రోజులు ఉండనులే. ఐదు రోజుల్లో వచ్చేస్తా. అంతలో ఏం మూస్తారు?"

అంతలో ఏం మూస్తారులే అని అతనూ అనుకున్నాడు. అనుకోకపోతే కాలు ముందుకు పడేట్టు లేదు. సంచి అందుకుని నడిచాడు.

బస్టాండులో సరిహద్దు అవతల నుంచి వచ్చిన బస్సు ఆగి ఉంది. లోపల నిలబడటానికి చోటు లేనంత జనం, పైన మూటలు, పరుపులు, వంటగిన్నెలు, ఒక కుట్టుమిషను. పది రోజులకని వచ్చినవాళ్ళు కుట్టుమిషను తెచ్చుకోరు. అటు వెళ్ళే బస్సులో ఆరుగురున్నారు. ఆమె కిటికీ పక్కన కూర్చుని ఆ కుట్టుమిషనును దించే దాకా చూసింది. డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు.

అప్పుడామె బ్యాగు తెరిచి ఒక పాత కళ్ళజోడు తీసింది. అది మేస్త్రిది. చెవికి తగిలించుకునే కాడ విరిగి నెలయింది. అక్కడ తన తమ్ముడికి కళ్ళజోళ్ళ కొట్టుంది, వాడి దగ్గర బాగుచేయించి వచ్చేటప్పుడు తెస్తానని బయల్దేరేముందు తనే బ్యాగులో వేసుకుంది.

"అదెందుకు తీశావు?" అన్నాడు మేస్త్రి.

ఆమె బ్యాగు అంచు కుట్టు విప్పి బారెడు నల్లదారం లాగింది. విరిగినచోట రెండు ముక్కలూ కలిపి పట్టుకుని, పళ్ళు బిగించి చుట్టసాగింది. బస్సు ఇంజను మొదలైంది. ముడివేసి, దారం కొరికి తెంపి, కిటికీలోంచి అతని చేతిలో పెట్టింది.

"గట్టిగానే కట్టాను. తడి తగలనివ్వకు."

బస్సు కదిలింది. ఆమె వెనక్కి తిరిగి చూసిందో లేదో దుమ్ములో తెలియలేదు. చుట్టూ దిగినవాళ్ళు మూటలు లెక్కపెట్టుకుంటున్నారు. మేస్త్రి ఉన్నచోటే నిలబడి గుప్పిట తెరిచాడు. కళ్ళజోడు కాడకు నల్లదారం పొర మీద పొరగా బిగిసి ఉంది. ఒక్క ముడి చాలేచోట నాలుగున్నాయి.