ఆమెన్ వాసన

మా ఏసుబాబు తాగుడు మాని ఆరేళ్ళయింది. మాన్పించే కేంద్రం నుంచి తెనాలి వచ్చిన రోజునే గుమ్మంలో నిలబడి ఒక షరతు పెట్టాడు.

"అమ్మా, నా జేబులు వెతకొద్దు, నోరు వాసన చూడొద్దు. ఒక్కసారి చూసినా బాపట్లలో గది తీసుకుని అక్కడే ఉండిపోతా."

వాడి ఉద్యోగం బాపట్లలోనే, ఒక ఆఫీసులో గుమస్తా. అంతకుముందు ఒకసారి అక్కడ ఒంటరిగా ఉన్నాడు. మూడు నెలలకి ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చాం. అందుకని, సరే నాయనా, చూడనన్నాను.

చూడటం మానలేదు. ప్రార్థన మొదలుపెట్టాను.

సాయంత్రం రైలు దిగి రాగానే తల మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేసేదాన్ని. వాడు పొడుగు, నేను పొట్టి, వంగక తప్పదు. చివర ఆమెన్ అనాలి, అనాలంటే నోరు తెరవాలి. "గట్టిగా అనరా, దేవుడికి వినపడాలి" అనేదాన్ని. కోడలు రూతు వంటింట్లోంచి నా మొహం చూసేది. నేను తల ఊపితే పొయ్యి వెలిగించేది.

ఇది నా సొంత తెలివి కాదు. రేపల్లెలో మా అత్తగారు మా ఆయన చేత రోజూ కీర్తన చదివించి, పక్కనే కూర్చుని ముక్కుతో వినేది. ఆయన కీర్తన కంఠతా పట్టి కిటికీ వైపు తిరిగి చెప్పేవాడు. బడిలో టీచరు మరి. మర్నాడు లేవలేకపోతే, జ్వరమని హెడ్మాస్టరు గారికి నేనే చెప్పొచ్చేదాన్ని. పంతొమ్మిదేళ్ళలో ఆయనకి వచ్చినన్ని జ్వరాలు జిల్లాలో ఎవరికీ వచ్చి ఉండవు. పెనుమూడి చర్చి సంఘం వాళ్ళు ఆ జ్వరాలు తగ్గాలని ఉపవాసం కూడా ఉన్నారు, పాపం.

మొన్న మంగళవారం ఏసుబాబు మధ్యాహ్నమే వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తల వంచాడు, ప్రార్థన చేశాను. ఆమెన్ సగమే వచ్చింది, నాలుక తిరగలేదు. పైగా ఘాటుగా స్పిరిట్ వాసన.

"రూతూ, పొయ్యి ఆపెయ్యి" అన్నాను.

వాడు చేతులూపుతూ ఏదో చెప్పబోయాడు.

"నోరు ముయ్యి. మీ నాన్న కూడా ఇట్టాగే చేతులూపేవాడు."

ఇంకేం ఆలోచించలేదు. వాళ్ళ ఆఫీసరు విష్ణువర్ధన్ గారికి ఫోన్ చేశాను.

"సార్, మా అబ్బాయికి జ్వరమండి. రేపు రాలేడండి."

"జ్వరం కూడా వచ్చిందా? పన్ను పీకించుకోవాలని సెలవు పెట్టాడు గదమ్మా. సూదికి మూతి మొద్దుబారి ఉంటుంది, ఎక్కువ మాట్లాడించకండి."

నేను ఫోన్ పెట్టేశాను. ఏసుబాబు నోట్లోంచి నెత్తురు దూది తీసి అవతల పడేశాడు.

"ఆరేళ్ళుగా నా ఆమెన్ నీ ముక్కుకే చెప్తున్నానమ్మా. నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు వంకర మూతితో.

"తెలిసి ఎందుకు వంగావురా?"

"నువ్వు నిద్రపోతావని. ఇంక నా వల్ల కాదు. ఒకటో తారీఖు నుంచి గదిలో ఉంటా."

"తిట్టరా, పడతాను. గది మాత్రం వద్దురా."

"అయితే నువ్వూ మానెయ్యి."

"నేనేం తాగానురా?"

రూతు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"శనివారం మా కూటానికి రా. రాకపోతే గది ఖాయం" అన్నాడు వాడు.

వెళ్ళాను. తాగుడు మానినవాళ్ళు ఒక గదిలో, వాళ్ళ ఇంటివాళ్ళు పక్క గదిలో కూర్చుంటారట. మా గదిలో ఝాన్సీలక్ష్మి అనే ఆమె నా సంగతంతా విని అడిగింది.

"పిన్నిగారూ, మీ అబ్బాయిని వాసన చూడటం మాని ఎన్నాళ్ళయిందండి?"

"గురువారం చూడలేదండి."

"ఒక్క రోజా! చాలా గొప్పండి" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు సిగ్గేసింది.

"ఆ రోజు నాకు జలుబండి" అన్నాను.

ఇంకా గట్టిగా కొట్టారు.

తిరిగొచ్చేటప్పుడు ఏసుబాబు గది ఊసెత్తలేదు. ఆటోలో మాత్రం నా పక్కన చోటున్నా, వెళ్ళి డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.